కీబోర్డును క్లాసు మెథడ్‌కు కలపడం: పైథాన్‌లో తొలి ఆట రాసేవారికి నాలుగు పద్ధతుల పోలిక

ఆట రాయడం మొదలుపెట్టినవారికి ఒక దశలో ఈ చిక్కు తప్పకుండా ఎదురవుతుంది. తెరపై ఓడ కనిపిస్తూ ఉంటుంది, ఓడ అనే క్లాసు సిద్ధంగా ఉంటుంది, అందులో ఎడమకు, కుడికి, పేల్చు అనే మెథడ్‌లు కూడా రాసి ఉంటాయి. అయినా ఎడమ బాణం కీ నొక్కగానే ఎడమకు అనే మెథడ్ నడవాలంటే మధ్యలో ఏం రాయాలో తోచదు. వెతికితే ఒక పాఠం టర్టిల్‌లో చూపిస్తుంది, ఇంకొకటి టికింటర్‌లో, మరొకటి పైగేమ్‌లో, వేరొకటి ఆర్కేడ్‌లో; ఇవన్నీ పైథాన్ లైబ్రరీలు. ఒక్కోదాని నుంచి ఒక్కో ముక్క తెచ్చి అతికిస్తే ఆట నడవదు, ఎందుకంటే కీ నొక్కిన సంగతి మెథడ్ దాకా చేరే దారి వీటిలో ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటుంది.

ఆ దారులను ఇక్కడ పక్కపక్కన పెట్టి, ఏ రకం ఆటకు, ఏ రకం అభ్యాసకుడికి ఏది సరిపోతుందో చెబుతాను. లైబ్రరీల పేర్లూ ఫంక్షన్ల పేర్లూ ఈ వ్యాసంలో తెలుగు లిపిలో ఉన్నా, ఎడిటర్‌లో వాటిని ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయాలి. మీరు సొంతంగా పెట్టుకునే క్లాసు, మెథడ్ పేర్లకు మాత్రం పైథాన్ 3 తెలుగు అక్షరాలను కూడా ఒప్పుకుంటుంది; ఓడ, ఎడమకు వంటి పేర్లను ఉన్నవి ఉన్నట్టే వాడుకోవచ్చు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదట చూడవలసింది, మెథడ్‌ను ఎవరు పిలుస్తారు, పిలిచేటప్పుడు ఎన్ని ఆర్గ్యుమెంట్లు (మెథడ్‌కు అందించే విలువలు) ఇస్తారు అన్నది. కొన్ని లైబ్రరీలు ఏమీ ఇవ్వకుండా పిలుస్తాయి, కొన్ని ఈవెంట్ అనే ఒక ఆబ్జెక్టును ఇస్తాయి, ఇంకొన్ని రెండు విలువలు ఇస్తాయి. పైగేమ్ అయితే అసలు మెథడ్‌ను పిలవదు, మీరే పిలవాలి. కొత్తవారికి కనబడే ఎర్రర్లలో ఎక్కువ భాగం ఈ లెక్క తప్పడం వల్ల వచ్చేవే.

రెండవది, మీ ఆటకు కావలసింది సంఘటనా, స్థితా అన్న ప్రశ్న. కీ నొక్కిన క్షణంలో ఒకే ఒక్కసారి జరగవలసిన పనిని సంఘటన అనుకోండి: గుండు పేల్చడం, ఆటను కాసేపు ఆపడం, పాము దిశ మార్చడం ఇలాంటివి. కీ నొక్కి ఉంచినంతసేపూ సాగవలసిన పని స్థితి: ఓడ పక్కకు జరుగుతూ ఉండడం, కారు వేగం పుంజుకోవడం. లైబ్రరీ ఎంపికలో దీనికున్నంత బరువు మరి దేనికీ లేదని నా అభిప్రాయం, ఎందుకంటే సంఘటనల కోసం కట్టిన దారిలో స్థితిని నడిపించాలంటే చాలా అదనపు కోడ్ రాయవలసి వస్తుంది.

మూడవది, తప్పు చేసినప్పుడు ఆ పద్ధతి చెబుతుందా, మౌనంగా ఉండిపోతుందా అన్నది. అనుభవజ్ఞుడికి ఇది చిన్న విషయం కావచ్చు గానీ, ఒంటరిగా నేర్చుకునేవారు ఒక మౌనమైన తప్పు దగ్గర ఒక సాయంత్రమంతా పోగొట్టుకోగలరు. నాలుగవది, ఆట ముగిసి మళ్ళీ మొదలైనప్పుడు పాత ఓడ స్థానంలో కొత్త ఓడ వస్తే కీలు దేన్ని అంటిపెట్టుకుని ఉంటాయి అన్నది. దీని గురించి ముందుగా ఆలోచించేవారు తక్కువ కనుక చివర్లో విడిగా చర్చిస్తాను. ఇన్‌స్టాల్ చేయడం సులువా కాదా అన్నదీ లెక్కలోకి వస్తుంది. టర్టిల్, టికింటర్ పైథాన్‌తోనే వస్తాయి, కాకపోతే కొన్ని లైనక్స్ పంపిణీలలో టికింటర్‌ను విడిగా చేర్చుకోవాలి. పైగేమ్‌నూ ఆర్కేడ్‌నూ పైథాన్ ప్యాకేజీలను తెచ్చే సాధనమైన పిప్ ద్వారా తెచ్చుకోవాలి.

## ఏది ఎంచుకున్నా తెలియవలసిన ఒక్క సంగతి

ఓడ క్లాసు నుంచి ఒక ఆబ్జెక్టును చేసి దానికి నా_ఓడ అని పేరు పెట్టారనుకుందాం. నా_ఓడ, చుక్క, ఎడమకు అని రాసి ఆపితే అది ఆ మెథడ్‌ను చూపే ఒక విలువ మాత్రమే, ఇంకా ఏమీ నడవదు. దాని చివర బ్రాకెట్ల జత చేర్చితే మెథడ్ అప్పటికప్పుడు నడుస్తుంది. కీకి కలిపేటప్పుడు లైబ్రరీకి అందించవలసింది మొదటి రూపమే: ఫలానా కీ నొక్కినప్పుడు దీన్ని పిలువు అని మెథడ్‌ను చేతికిస్తున్నాం, దాని ఫలితాన్ని కాదు.

బ్రాకెట్లు పెట్టేస్తే ఏమవుతుందో తెలిస్తే ఈ తప్పును తేలిగ్గా గుర్తుపట్టవచ్చు. కీని కలిపే కోడ్ వరుస దగ్గరే ఓడ ఒకసారి ఎడమకు జరుగుతుంది, మెథడ్ ఏ విలువనూ తిరిగి ఇవ్వదు కనుక లైబ్రరీకి నన్ అన్న శూన్య విలువ చేరుతుంది. టర్టిల్‌లో నన్ ఇవ్వడమంటే ఆ కీకి ఉన్న బంధాన్ని తీసేయమని చెప్పడమే. టికింటర్‌లో ఆ వరుస కొత్త బంధాన్ని కట్టకుండా, ఇప్పటికే ఉన్న బంధం ఏమిటో చెప్పి ఊరుకుంటుంది. రెండింటిలోనూ ఎర్రర్ రాదు. ఆట తెరుచుకోగానే ఓడ ఉండవలసిన చోటుకు కాస్త ఎడమగా కనిపించి, ఆ తరువాత ఏ కీకీ కదలకపోతే, ముందుగా ఆ బ్రాకెట్ల జత కోసం వెతకండి.

బ్రాకెట్లు లేని ఆ విలువలో ఇంకొక సుగుణం ఉంది. అది మెథడ్‌తోపాటు ఏ ఆబ్జెక్టు మెథడో కూడా లోపల మోసుకుని తిరుగుతుంది. అందుకే దాన్ని పైథాన్‌లో బౌండ్ మెథడ్ అంటారు. ఇద్దరు ఆటగాళ్ళకు రెండు ఓడలుంటే, మొదటి ఓడ ఎడమకునూ రెండవ ఓడ ఎడమకునూ వేర్వేరు కీలకు కలిపినా ఏది ఎవరిదన్న గందరగోళం రాదు, మెథడ్ లోపల ఆబ్జెక్టును సూచించే సెల్ఫ్ దానంతట అదే సరైన ఓడ అవుతుంది.

## టర్టిల్

కలం పట్టుకున్న తాబేలుతో తెరపై గీతలు గీయించే లైబ్రరీ టర్టిల్. అందులో తెరకు సంబంధించిన ఆబ్జెక్టుకు ఆన్‌కీ, ఆన్‌కీప్రెస్ అనే మెథడ్‌లున్నాయి. ముందు మెథడ్ పేరు, తరువాత కోట్‌లలో కీ పేరు ఇవ్వాలి, ఆపైన లిజన్ అనే మెథడ్‌ను ఒకసారి పిలవాలి. లిజన్ లేకపోతే విండోకు కీబోర్డు ఫోకస్ అందదు, ఏ కీ నొక్కినా ఓడ కదలదు. కీ నొక్కినప్పుడు టర్టిల్ మీ మెథడ్‌ను ఏ ఆర్గ్యుమెంటూ ఇవ్వకుండా పిలుస్తుంది. కాబట్టి మెథడ్‌లో సెల్ఫ్ ఒక్కటే ఉండాలి. నాలుగు పద్ధతుల్లోనూ ఇంత సరళమైన ఒప్పందం ఇదొక్కటే, తొలి పాఠానికి దీన్ని ఇష్టపడడానికి నాకు ఇది చాలు.

ఆన్‌కీకీ ఆన్‌కీప్రెస్‌కూ ఉన్న తేడాను చాలా పాఠాలు చెప్పకుండా వదిలేస్తాయి. ఆన్‌కీ పనిచేసేది కీని వదిలినప్పుడు, ఆన్‌కీప్రెస్ పనిచేసేది నొక్కినప్పుడు. ఆటలో కదలికకు ఆన్‌కీ వాడితే ప్రతిదీ ఒక క్షణం ఆలస్యంగా జరిగినట్టు అనిపిస్తుంది. దానికి కంప్యూటర్ నెమ్మది కారణం కాదు, ఎంచుకున్న మెథడ్ కారణం.

క్లాసులతో రాసేవారికి టర్టిల్‌లో ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. చాలామంది టర్టిల్ క్లాసు నుంచే తమ ఓడ క్లాసును వారసత్వంగా తీసుకుంటారు. ఆ మాతృక్లాసులో లెఫ్ట్, రైట్, అప్, డౌన్ అనే మెథడ్‌లు ముందే ఉన్నాయి: లెఫ్ట్, రైట్ తాబేలును కోణంలో తిప్పుతాయి, అప్ కలాన్ని ఎత్తుతుంది, డౌన్ దించుతుంది. మీరు పైకి కదిలే మెథడ్ రాయడం మరచి పై బాణానికి అప్‌ను కలిపితే ఎర్రర్ రాదు, కలం ఎత్తబడుతుంది, తెరపై మార్పేమీ కనబడదు. మీరే లెఫ్ట్ అనే పేరుతో మెథడ్ రాస్తే మాతృక్లాసులోని తిప్పే పని కప్పబడిపోయి, మరెక్కడో కోణం ఇచ్చి లెఫ్ట్‌ను పిలిచిన చోట ఎర్రర్ వస్తుంది. పేర్లను ఎడమకు, కుడికి అని తెలుగులో పెట్టుకున్నా, ఓడ లోపల టర్టిల్‌ను ఒక గుణంగా ఉంచుకున్నా ఈ ఇబ్బంది ఉండదు.

స్థితి విషయంలో టర్టిల్ బలహీనం. కీని పట్టి ఉంచితే ఆపరేటింగ్ సిస్టమ్ కాసేపు ఆగి, ఆ తరువాత అదే కీని వరుసగా మళ్ళీ మళ్ళీ నొక్కినట్టు పంపుతుంది. అందువల్ల ఓడ ఒక అడుగు వేసి, ఆగి, తరువాత గబగబా కదులుతుంది. రెండు కీలను కలిపి పట్టుకుంటే చివరగా నొక్కినది మాత్రమే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

## టికింటర్

టర్టిల్ లోపల ఉన్నది టికింటరే. దాన్ని నేరుగా వాడితే స్వేచ్ఛ పెరుగుతుంది, దాంతోపాటు జాగ్రత్తలూ పెరుగుతాయి. ఇక్కడ విండోకు బైండ్ అనే మెథడ్ ఉంది, దానికి ముందు కీ పేరు, తరువాత మెథడ్ ఇవ్వాలి. అంటే టర్టిల్ క్రమానికి తలకిందులు. కీ పేరును కోణపు గుర్తుల మధ్య రాయాలి. పిలిచేటప్పుడు టికింటర్ ఈవెంట్ ఆబ్జెక్టును ఇస్తుంది కనుక మెథడ్‌లో సెల్ఫ్ తరువాత ఈవెంట్ అనే ఇంకొక పేరు ఉండి తీరాలి. లేకపోతే, ఒక ఆర్గ్యుమెంట్ తీసుకునే మెథడ్‌కు రెండు ఇచ్చారన్న టైప్‌ఎర్రర్ వస్తుంది. మీరు ఏమీ ఇవ్వలేదే అనిపిస్తుంది గానీ, ఆ రెండింటిలో ఒకటి సెల్ఫ్, రెండవది టికింటర్ ఇచ్చిన ఈవెంట్. అదే మెథడ్‌ను వేరే చోట మామూలుగా కూడా పిలవాలనుకుంటే ఈవెంట్‌కు ముందస్తు విలువగా నన్ ఇవ్వండి.

టికింటర్‌లో ఎర్రర్ వస్తే అది టెర్మినల్‌లో అచ్చవుతుంది, ఆట మాత్రం ఆగదు. టెర్మినల్ కనబడకుండా ఆట తెరిచినవారికి ఆ ఎర్రర్ అసలు తెలియదు, కీ పనిచేయలేదన్నది ఒక్కటే తెలుస్తుంది. అందుచేత ఆట సాధన చేసే రోజుల్లో దాన్ని టెర్మినల్ నుంచే నడపమని గట్టిగా చెబుతాను.

ఇంతకన్నా లోతైన మౌనం ఒకటుంది. నా_ఓడకు బదులు పొరపాటున క్లాసు పేరే రాసి, ఓడ, చుక్క, ఎడమకు అని బైండ్‌కు ఇచ్చారనుకోండి. ఇప్పుడు ఆ మెథడ్ ఏ ఆబ్జెక్టుకూ కట్టుబడి లేదు. టికింటర్ ఇచ్చే ఈవెంటే సెల్ఫ్ స్థానంలో కూర్చుంటుంది. మెథడ్‌లో సెల్ఫ్ ఒక్కటే ఉండి, లోపల సెల్ఫ్ ఎక్స్ నుంచి పది తీసివేయమని ఉంటే అది ఎర్రర్ లేకుండా నడిచిపోతుంది, ఎందుకంటే ఈవెంట్ ఆబ్జెక్టుకు కూడా మౌస్ స్థానాన్ని చెప్పే ఎక్స్, వై అనే గుణాలున్నాయి. పది తగ్గేది ఆ ఈవెంట్ ఎక్స్‌లో, ఓడ ఎక్స్‌లో కాదు. అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనబడి ఓడ మాత్రం కదలనప్పుడు, చుక్కకు ముందున్నది ఆబ్జెక్టు పేరా, క్లాసు పేరా అని చూడడం అలవాటు చేసుకోవాలి.

కీ పేర్లలోనూ కొన్ని మెలికలున్నాయి. చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ బంధాలు వేరు. కాప్స్‌లాక్ వెలిగి ఉంటే చిన్న అక్షరం a కీకి కలిపిన మెథడ్ నడవదు. కోణపు గుర్తుల మధ్య 1 అని మాత్రమే రాస్తే టికింటర్ దాన్ని కీబోర్డులోని ఒకటి అనుకోదు, మౌస్ మొదటి బటన్ అనుకుంటుంది. అంకె కీ కావాలంటే కీ, అడ్డగీత, 1 అని పూర్తిగా రాయాలి. బంధాన్ని బొమ్మలు గీసే కాన్వాస్‌కు కట్టితే ఫోకస్‌సెట్ (focus_set) అనే మెథడ్‌తో దానికి ఫోకస్ ఇవ్వాలి. ప్రధాన విండోకే కట్టితే ఆ బాధ ఉండదు, తొలి ఆటకు అదే మంచిది.

స్థితి కావాలంటే టికింటర్‌లో దాన్ని మీరే కట్టుకోవాలి. ఆట క్లాసులో నొక్కినవి అనే సెట్‌ను పెట్టుకుని, ఏ కీ నొక్కినా దాని పేరును అందులో చేర్చే మెథడ్ ఒకటి, వదిలితే తీసేసే మెథడ్ ఒకటి రాసి, ఆఫ్టర్ అనే మెథడ్‌తో 20 మిల్లీసెకన్లకొకసారి నడిచే అడుగు అనే మెథడ్‌లో ఆ సెట్‌ను చూసి ఓడను కదిలించాలి. ఆఫ్టర్‌కు ఇచ్చేటప్పుడు కూడా బ్రాకెట్లు పెట్టకూడదు. పెడితే అడుగు తనను తానే ఆగకుండా పిలుచుకుని రికర్షన్‌ఎర్రర్‌తో కూలిపోతుంది. ఈ సెట్ పద్ధతి బాగానే పనిచేస్తుంది కానీ రెండు రంధ్రాలను పూడ్చాలి. కీ పట్టుకుని ఉండగా ఆటగాడు వేరే విండోకు వెళితే వదిలిన కబురు మీ ఆటకు చేరదు, తిరిగి వచ్చాక ఓడ దానంతట అదే కదులుతూ ఉంటుంది. ఫోకస్‌అవుట్ ఈవెంట్‌కు సెట్‌ను ఖాళీ చేసే మెథడ్‌ను కలిపితే ఇది తీరుతుంది. అక్షరపు కీ నొక్కి, ఆపైన షిఫ్ట్ నొక్కి, అక్షరపు కీని వదిలితే నొక్కినప్పటి పేరు చిన్న అక్షరం, వదిలినప్పటి పేరు పెద్ద అక్షరం అవుతాయి, సెట్‌లో పాతది మిగిలిపోతుంది. రెండు చోట్లా పేరును చిన్న అక్షరాల్లోకి మార్చుకుంటే సరిపోతుంది.

## పైగేమ్

పైగేమ్ దారి పూర్తిగా వేరు. ఇక్కడ మెథడ్‌ను కీకి కట్టే ఏర్పాటే లేదు. కీ నొక్కిన, వదిలిన కబుర్లు ఒక వరుసలో (క్యూలో) చేరి ఉంటాయి. ఆట లూప్‌లో ప్రతి ఫ్రేమ్‌కూ, అంటే తెరను తిరిగి గీసే ప్రతిసారీ, ఆ వరుసను మీరే ఖాళీ చేసి, కీడౌన్ రకం ఈవెంట్ కనబడితే అది ఏ కీనో చూసి, తగిన మెథడ్‌ను మీరే బ్రాకెట్లతో పిలవాలి. దీన్ని లోపమని కొందరు అంటారు, నేను సుగుణమంటాను. ఎవరు ఎవరిని ఎప్పుడు పిలుస్తున్నారో లూప్‌లో కళ్ళ ముందే ఉంటుంది, ఎన్ని ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలో మీ ఇష్టం, మెథడ్‌లో తప్పుంటే ఆట అక్కడే ఆగి కోడ్‌లో ఏ లైనులో తప్పుందో చూపిస్తుంది.

సంఘటన, స్థితి రెండింటికీ పైగేమ్‌లో వేర్వేరు ఏర్పాట్లున్నాయి. కీడౌన్ ఈవెంట్ సంఘటన కోసం: మీరు ప్రత్యేకంగా అడగకపోతే పైగేమ్ దాన్ని మళ్ళీ మళ్ళీ పంపదు, ఒక నొక్కుకు ఒకటే వస్తుంది. గెట్‌ప్రెస్డ్ (get_pressed) అనే ఫంక్షన్ స్థితి కోసం: ఈ క్షణాన ఏ కీలు నొక్కి ఉన్నాయో చెబుతుంది. ఓడను కదిలించడానికి గెట్‌ప్రెస్డ్, గుండు పేల్చడానికి కీడౌన్ వాడండి. తారుమారు చేస్తే రెండూ పాడవుతాయి: స్పేస్ కీని ఒక్కసారి తట్టినా గెట్‌ప్రెస్డ్ పలు ఫ్రేమ్‌ల పాటు నొక్కి ఉందనే చెబుతుంది కనుక గుండ్ల వాన కురుస్తుంది, ఒక్కోసారి రెండు పరిశీలనల మధ్యలోనే కీ నొక్కి వదిలేస్తే అసలు కనబడకుండానూ పోవచ్చు.

క్లాసులు వాడేవారు ఇక్కడ తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. ఓడ తన కీలను తానే చూసుకోవాలన్న మంచి ఉద్దేశంతో ఓడ క్లాసులోనూ, మెను క్లాసులోనూ, ఆట క్లాసులోనూ విడివిడిగా ఈవెంట్ల వరుసను తెప్పించుకుంటారు. వరుసను మొదట అడిగినవారు దాన్ని ఖాళీ చేసేస్తారు, తరువాత అడిగినవారికి మిగిలినవే దక్కుతాయి. ఫలితంగా కీలు ఒకసారి పనిచేస్తాయి, ఒకసారి పనిచేయవు. ఇంతకన్నా విసిగించే లక్షణం ఆటలో మరొకటి ఉండదు. వరుసను తెప్పించుకునే చోటు ప్రోగ్రామ్ మొత్తంలో ఒక్కటే ఉండాలి, అది ఆట క్లాసులోని లూప్ కావాలి. అక్కడి నుంచి ఒక్కో ఈవెంట్‌నూ మిగిలిన ఆబ్జెక్టులకు అందించాలి. గెట్‌ప్రెస్డ్‌ను మాత్రం ఎవరు ఎన్నిసార్లు పిలిచినా నష్టం లేదు, కాకపోతే వరుసను ప్రతి ఫ్రేమ్‌కూ ఖాళీ చేస్తూ ఉంటేనే అది తాజా సంగతి చెబుతుంది.

## ఆర్కేడ్, పైగేమ్ జీరో

ఆర్కేడ్‌లో విండో క్లాసును వారసత్వంగా తీసుకుని, ఆన్_కీ_ప్రెస్, ఆన్_కీ_రిలీజ్ అనే పేర్లతో మెథడ్‌లు రాస్తే చాలు, లైబ్రరీ వాటిని పిలుస్తుంది. సెల్ఫ్ తరువాత రెండు ఆర్గ్యుమెంట్లుంటాయి: ఏ కీ అన్నది ఒకటి, షిఫ్ట్, కంట్రోల్ వంటివి (మాడిఫయర్లు) నొక్కి ఉన్నాయా అన్నది రెండవది. కట్టడం అనే పనే లేదు కనుక బ్రాకెట్ల పొరపాటుకు చోటు లేదు. దానికి బదులు పేరులో ఒక్క అక్షరం తప్పితే ఆ మెథడ్‌ను ఎవరూ పిలవరు, ఎర్రరూ రాదు. మెనుకూ ఆటకూ, ఒక్కో తెరకు ఒక్కటి చొప్పున, వేర్వేరు వ్యూ క్లాసులు రాసుకోవచ్చు, ఏ వ్యూ తెరపై ఉంటే దాని మెథడ్‌లే నడుస్తాయి. క్లాసుల ఆలోచన బాగా పట్టుబడినవారికి ఇది ఎంతో శుభ్రమైన ఏర్పాటు. దీనికి ఓపెన్‌జీఎల్ 3.3 అనే గ్రాఫిక్స్ ఏర్పాటు కావాలి, బాగా పాత కంప్యూటర్లలో నడవకపోవచ్చు.

పైగేమ్‌ను కొత్తవారికి సులువు చేసే పైగేమ్ జీరోలో ఆన్_కీ_డౌన్ అనే మామూలు ఫంక్షన్ రాయాలి, అది క్లాసు బయట ఉండాలి. అందులోంచి మీ ఆబ్జెక్టు మెథడ్‌ను మీరు పిలుచుకోవాలి. క్లాసులు నేర్చుకోవడమే ధ్యేయమైతే ఇది తగిన చోటు కాదు.

## ఒకే చూపులో

| కొలమానం | టర్టిల్ | టికింటర్ | పైగేమ్ | ఆర్కేడ్ |
|---|---|---|---|---|
| మెథడ్‌ను పిలిచేది | లైబ్రరీ | లైబ్రరీ | మీరే | లైబ్రరీ |
| సెల్ఫ్ కాక అందేవి | ఏమీ లేవు | ఈవెంట్ | మీరు ఇచ్చినవి | కీ, మాడిఫయర్లు |
| నొక్కి ఉంచిన స్థితి | కష్టం | సెట్ కట్టుకోవాలి | గెట్‌ప్రెస్డ్ ఉంది | రెండు మెథడ్‌లతో సులువు |
| మెథడ్‌లో తప్పుంటే | టెర్మినల్‌లో అచ్చు | టెర్మినల్‌లో అచ్చు | ఆట ఆగుతుంది | ఆట ఆగుతుంది |
| మౌనంగా ఉండే తప్పు | బ్రాకెట్లు, లిజన్ మరవడం | బ్రాకెట్లు, క్లాసు పేరు | వరుసను రెండుచోట్ల తెప్పించడం | మెథడ్ పేరు తప్పడం |
| విడిగా ఇన్‌స్టాల్ | చాలాచోట్ల అక్కర్లేదు | చాలాచోట్ల అక్కర్లేదు | కావాలి | కావాలి |

## నాలుగు కీలకు నాలుగు మెథడ్‌లా, ఒకటేనా

లైబ్రరీ కుదిరాక ఈ రెండవ ఎంపిక వస్తుంది. ఎడమకు, కుడికి, పైకి, కిందికి అని నాలుగు మెథడ్‌లు రాయడమా, దూరాన్ని ఆర్గ్యుమెంటుగా తీసుకునే కదులు అనే ఒక్క మెథడ్ రాయడమా?

మొదటి ఆటలో నాలుగు మెథడ్‌లే రాయండి. అవి ఒకేలా ఉన్నా ఫరవాలేదు. చదివినప్పుడు ఏ కీ ఏం చేస్తుందో వెంటనే తెలుస్తుంది, ఒక్కోదాన్ని విడిగా పరీక్షించుకోవచ్చు. కదులు ఒక్కటే చాలనిపించే రోజు వచ్చినప్పుడు లైబ్రరీకి ఆర్గ్యుమెంటుతో సహా మెథడ్‌ను అందించవలసి వస్తుంది, దానికి లాంబ్డా, పార్షియల్ అనే రెండు సాధనాలున్నాయి. లాంబ్డాతో పేరులేని చిన్న ఫంక్షన్ రాసి అందులో కదులును పిలుస్తాం. ఫంక్‌టూల్స్ అనే మాడ్యూల్‌లోని పార్షియల్ అయితే మెథడ్‌నూ విలువనూ కలిపి ఒక్క మూటగా కట్టి ఇస్తుంది.

లాంబ్డాను లూప్‌లో వాడితే ఒక ప్రమాదం ఉంది, అది పైథాన్ తెలిసినవారిని కూడా తడబాటుకు గురిచేస్తుంది. కీలూ దూరాలూ ఉన్న జాబితా మీద లూప్ నడుపుతూ ప్రతి కీకీ, కదులును ఆ దూరంతో పిలిచే లాంబ్డాను కలిపితే, నాలుగు కీలూ ఓడను ఒకే దిక్కుకు తోస్తాయి. లాంబ్డా దూరం అనే పేరును గుర్తుంచుకుంటుందే గానీ అప్పటి విలువను కాదు. కీ నొక్కే వేళకు లూప్ ముగిసి ఆ పేరులో చివరి విలువే ఉంటుంది. లాంబ్డాలో దూరానికి ముందస్తు విలువగా దూరాన్నే ఇస్తే, లేదా పార్షియల్ వాడితే, విలువ అక్కడికక్కడే పట్టుబడుతుంది. నా ఓటు పార్షియల్‌కే. టికింటర్‌తో వాడేటప్పుడు మాత్రం మీరు కట్టిన దూరం ముందు వస్తుంది, ఈవెంట్ ఆ తరువాత వస్తుంది కనుక మెథడ్‌లో పేర్ల వరుస సెల్ఫ్, దూరం, ఈవెంట్ అని ఉండాలి.

పైగేమ్‌లో ఈ రెండూ అక్కర్లేదు. కీ ఒకవైపు, బ్రాకెట్లు లేని మెథడ్ మరొకవైపు ఉండే ఒక డిక్షనరీని ఆట క్లాసులో రాసుకుని, ఈవెంట్ వచ్చినప్పుడు అందులో వెతికి, దొరికితే పిలవండి. పొడవాటి ఇఫ్, ఎలిఫ్ వరుసలు పోతాయి. ఆటగాడే తన కీలను మార్చుకునే సదుపాయం ఎప్పుడైనా చేర్చాలంటే డిక్షనరీలో ఒక పద్దు మార్చితే సరిపోతుంది. కీ పేరును బట్టి మెథడ్ పేరును కూర్చి, పేరును బట్టి మెథడ్‌ను తెచ్చే గెట్‌యాట్ర్‌తో పట్టుకునే పద్ధతిని కొన్ని ఉదాహరణల్లో చూస్తారు. అది పొట్టిగా ఉంటుంది, కానీ ఏ కీ ఏ మెథడ్‌ను పిలుస్తుందో రాసి ఉన్న చోటు కోడ్‌లో ఎక్కడా ఉండదు. కొత్తవారికి నేను దాన్ని సిఫారసు చేయను.

## ఓడకు కట్టాలా, ఆటకు కట్టాలా

ఇది టర్టిల్, టికింటర్ వాడేవారికి ముఖ్యం, పైగేమ్‌లో డిక్షనరీ వాడేవారికి కూడా. బౌండ్ మెథడ్ తన ఆబ్జెక్టును లోపల మోసుకుని తిరుగుతుందని పైన చెప్పాను. ఆట ముగిసి, ఆటగాడు మళ్ళీ మొదలుపెట్టి, మీరు కొత్త ఓడను చేసి నా_ఓడ అనే పేరును దానికి ఇచ్చినా, కీలు మాత్రం పాత ఓడ మెథడ్‌లనే పట్టుకుని ఉంటాయి. తెరపై లేని ఆ పాత ఓడ కీలకు లోబడి కదులుతూ ఉంటుంది, కొత్త ఓడ నిలబడి చూస్తుంది. కొందరు దీనికి మందుగా ప్రతిసారీ కీలను మళ్ళీ కలుపుతారు. అది పనిచేస్తుంది, కానీ ఒక కీ మరచిపోతే ఆ ఒక్కటి పాత ఓడకే వెళుతుంది.

మేలైన దారి, కీలను ఓడకు కాక ఆట అనే క్లాసు ఆబ్జెక్టుకు కట్టడం. ఆట క్లాసులోని ఎడమ_కీ అనే మెథడ్, సెల్ఫ్, చుక్క, ఓడ, చుక్క, ఎడమకు అని రాసి బ్రాకెట్లతో ఆ క్షణంలో ఉన్న ఓడను పిలుస్తుంది. ఓడ ఎన్నిసార్లు మారినా ఆట ఒక్కటే కనుక బంధాలు ఒకసారి కట్టితే చాలు. ఇంకొక లాభం కూడా ఉంది: ఆట ఆపి ఉంచినప్పుడు కీలు పనిచేయకూడదన్న నియమం ఆటకు తెలుసు, ఓడకు తెలియనక్కర్లేదు. ఈవెంట్ ఆర్గ్యుమెంట్ కూడా ఆట దగ్గరే ఆగిపోతుంది, అందువల్ల ఓడ క్లాసు ఏ లైబ్రరీనీ ఎరగని శుద్ధమైన క్లాసుగా మిగులుతుంది. రేపు టికింటర్ వదిలి పైగేమ్‌కు వెళ్ళినా కదలికల లెక్కను ముట్టుకోనక్కర్లేదు.

పాము ఆట రాసేవారికి ఇదే చోట మరొక మాట. పాము కుడికి వెళుతుండగా ఒకే అడుగు వ్యవధిలో పైకి, వెంటనే ఎడమకు నొక్కితే, ప్రతి కీ దిశను నేరుగా మార్చే కోడ్‌లో పాము తన మెడ మీదికే తిరిగి చచ్చిపోతుంది. కీకి కలిపిన మెథడ్ కోరిన దిశను రాసి పెట్టుకోవాలి; దాన్ని అమలు చేయడం, అది వెనుదిరిగే దిశ అయితే తిరస్కరించడం అడుగు మెథడ్ పని.

## ఎవరికి ఏది

క్లాసులు ఈ వారమే నేర్చుకున్నవారు టర్టిల్‌తో మొదలుపెట్టండి. మెథడ్‌ను బ్రాకెట్లు లేకుండా అందించడం, సెల్ఫ్ దానంతట అదే రావడం అనే రెండు సంగతులు చేతికి అలవాటయ్యే దాకా ఇంకేమీ అవసరం లేదు. పలకల పజిల్, పదాల ఆట, పాము ఆట వంటివి అడుగడుగుగా నడిచేవి; వాటికి టికింటర్ చక్కగా సరిపోతుంది, స్కోరు, బటన్లు, పేరు నింపే గడి కూడా అదే లైబ్రరీలో దొరుకుతాయి. ఏదీ ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి లేని కంప్యూటర్ల మీద బోధించేవారికీ టికింటరే దిక్కు.

ఓడ, కారు, గెంతే మనిషి, ఇలా నిరంతరం కదిలేది ఏదున్నా పైగేమ్‌కు వెళ్ళండి. టికింటర్‌లో సగం రాశాం కదా అని అక్కడే సాగదీయడం వల్ల, పైన చెప్పిన సెట్‌నూ దాని రంధ్రాలనూ సరిచేయడంలోనే ఆట మీది ఉత్సాహం కరిగిపోతుంది. ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడే ఆటకు ఇది మరింత నిజం, ఎందుకంటే అక్కడ రెండు మూడు కీలు ఒకేసారి నొక్కి ఉండడం మామూలు. కొన్ని కీబోర్డులు కొన్ని మూడు కీల కూర్పులను కంప్యూటర్‌కు పంపనే పంపవు కనుక, ఇద్దరి కీలనూ ఖరారు చేసే ముందు మీ కీబోర్డు మీద వాటిని కలిపి నొక్కి చూడండి; అక్కడ పట్టుబడని కీని ఏ లైబ్రరీ పట్టుకోలేదు.

వారసత్వం, మెథడ్‌ను తిరగరాయడం ఇప్పటికే బాగా తెలిసి, మెను, ఆట, ముగింపు తెరలు విడివిడిగా ఉండే పెద్ద ఆటను తలపెట్టినవారు ఆర్కేడ్‌ను పరిశీలించవచ్చు. వారు చేయవలసిన మొదటి పని, ఆన్_కీ_ప్రెస్ లోపల వచ్చిన కీని అచ్చువేసే ఒక్క వరుస రాసి ఆటను నడపడం. ఆ అచ్చు కనబడితే పేరు సరిగ్గా ఉన్నట్టే, ఆ తరువాతే మిగిలిన మెథడ్‌లను దానికి చేర్చాలి.